అమ్మ ఇల్లు మారేటప్పుడు: ముప్పై ఏళ్ల సామాను సర్దే పద్ధతి

మల్కాజిగిరిలో 31 ఏళ్లు ఉన్న ఇంటిని ఖాళీ చేసి అమ్మని నిజాంపేటకి, మా పక్క బ్లాకులోని రెండు గదుల ఫ్లాటుకి తీసుకొచ్చి ఏడాదిన్నర అయింది. బాపు పోయాక నాలుగేళ్లు ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. మోకాళ్ల నొప్పులతో ముందు మేడ ఎక్కడం మానేసింది, తర్వాత వాకిట్లో ఉన్న మూడు మెట్లు కూడా కష్టమయ్యాయి. ఆ తర్వాత వారాసిగూడలో మా అత్తగారి ఇల్లు సర్దాను. పోయిన ఎండాకాలంలో ఒక స్నేహితురాలి నాన్నగారి ఇల్లు. మూడిళ్లు సర్దాక రాస్తున్న పద్ధతి ఇది. ఇందులో చెప్పే తప్పులన్నీ మొదటి ఇంట్లో చేసినవే, అంటే అమ్మ సామాను మీద చేసినవి.

ప్యాకర్స్ వాళ్లు ఒక్క రోజులో మొత్తం ఎక్కించేస్తారు. అసలు పనంతా దానికి ముందు ఆరు వారాల్లో ఉంటుంది. అంత టైము దొరక్కపోతే కనీసం మూడు వారాలైనా పెట్టుకోండి. అంతకంటే తక్కువలో చేస్తే చీపురు పెట్టి ఊడ్చేసినట్టే అవుతుంది.

మొదటి పని: ఒక రోజంతా ఊరికే చూడండి

అట్టపెట్టెలు, టేపు, మార్కర్ పెన్ను ఏవీ తీసుకెళ్లకండి. ముందు రోజు రాత్రి వెళ్లి అక్కడే పడుకోండి. తెల్లారి వాళ్లు లేచినప్పటి నుంచి మళ్లీ పడుకునేదాకా వాళ్ల చేయి దేన్ని తాకుతోందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మాట్లాడొద్దు, సాయం చేయొద్దు.

ఇది నేను అత్తగారింట్లో చేశాను. ఉదయం అయిదు గంటలకి మంచం దిగగానే కుడికాలు చెప్పు కోసం వెతికింది, చెప్పు అక్కడే ఉంది. గోడకి స్విచ్చు, చూడకుండానే నొక్కింది. వంటింట్లో గ్యాస్ లైటర్ ఉన్నా కిటికీ గూట్లో ఉన్న అగ్గిపెట్టే తీసింది. పాలగిన్నె, సొట్టపడిన టీ పొడి డబ్బా, వాకిట్లో పాత హార్లిక్స్ సీసాలో ముగ్గుపిండి, తులసికి పోసే రాగి చెంబు, బిస్కెట్ల రేకు డబ్బాలో మందులు, టీవీ మీద మామయ్యగారి కళ్లజోడు (దాన్ని రోజూ తుడిచి మళ్లీ అక్కడే పెడుతుంది). రాత్రి తొమ్మిదికి లెక్కపెడితే 43 వస్తువులు వచ్చాయి. వాటిలో వెయ్యి రూపాయలు పైబడి ఖరీదు చేసేవి మహా అయితే నాలుగు. బీరువాలోని పట్టుచీరలు, సజ్జ మీది వెండి సామాను ఒక్కటీ ఆ జాబితాలో లేదు.

అమ్మ ఇల్లు సర్దేటప్పుడు ఈ పని చేయలేదు, అందుకే చేయి కాలింది. వంటింట్లో ఒక చిన్న చెక్క పీట ఉండేది, జానెడు ఎత్తు. ఒక కోడు అరిగిపోయి, కూర్చుంటే కొంచెం ఎడమకి ఒరుగుతుంది. నేలంతా తుడిచాక దాన్ని చూసి, 'ఇది ఎందుకులే' అని పాతసామాన్ల ఆటో అతనికి ఇచ్చేశాను. అతను దానికి డబ్బులు కూడా ఇవ్వలేదు, ఇనుప కుర్చీలతో పాటు ఊరికే పడేసుకున్నాడు. కొత్త ఫ్లాటులో నాలుగు రోజులు అమ్మ కూరగాయలు తరగలేదు. ప్లాట్‌ఫాం మీద చాకుతో తరగమంటే చాకు పట్టుకుని నిలబడింది. కత్తిపీట తెచ్చాం గదా అంటే, 'దేని మీద కూసుండాలె బిడ్డా?' అంది. ప్లాస్టిక్ స్టూలు కొన్నాను. అది రెండంగుళాలు ఎక్కువ ఎత్తు, కత్తిపీట మీదికి చేయి సరిగ్గా రాదు. చివరికి బోడుప్పల్‌లో ఒక వడ్రంగి దగ్గర టేకు ముక్కతో పీట చేయించాం. దాని మీద కూర్చుంటుంది గానీ, ఇప్పటికీ అలవాటుగా ఎడమకి ఒరిగే కూర్చుంటుంది.

పెద్ద వయసులో నిన్న ఎవరొచ్చారో మరిచిపోవచ్చు. ముగ్గు వేయడం, తరగడం, తాళం తిప్పడం లాంటి చేతి పనుల జ్ఞాపకం మాత్రం అంత తొందరగా చెదరదు, మతిమరుపు జబ్బు మొదలైనవాళ్లలో కూడా. చేతికి అలవాటైన వస్తువు అలవాటైన చోట లేకపోతే ఆ పనే ఆగిపోతుంది. 'అమ్మకి కొత్తింట్లో ఏమీ చేతకావట్లేదు, వయసైపోయింది' అని మనం అనుకుంటాం. తప్పు చాలాసార్లు సర్దినవాళ్లదే.

అదే రోజు ఫోనుతో ఫొటోలు తీయండి: వంటింటి అరలు ఒక్కొక్కటీ, దేవుడి గూడు, మంచం పక్క బల్ల, బాత్‌రూంలో మగ్గు పెట్టే చోటు. కొత్తింట్లో సర్దేటప్పుడు ఇవే కొలతలు.

రెండో పని: కొత్త ఇంటి కొలతలు

టేపు పట్టుకుని వెళ్లి గోడలు, తలుపుల వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు కొలవండి. లిఫ్టు సంగతి అందరూ మరిచిపోతారు. మాది ఆల్విన్ బీరువా. సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీ ఒకప్పుడు బీరువాలు, ఫ్రిజ్‌లు, గడియారాలు, డబుల్ డెక్కర్ బస్సు బాడీలు కూడా చేసింది. ఆ కంపెనీ పేరు ఇప్పుడు కూకట్‌పల్లి దగ్గర కాలనీ బోర్డుల మీద మిగిలింది, బీరువాలు మాత్రం ఇంకా హైదరాబాద్ ఇళ్లలో కదలకుండా నిలబడి ఉన్నాయి. నిజంగానే కదలవు. ఆరున్నర అడుగుల బీరువా లిఫ్టులో పట్టలేదు, నలుగురు మనుషులు మెట్ల మీదుగా నాలుగో అంతస్తుకి మోశారు, దానికి విడిగా కూలి అడిగారు. ముందే మాట్లాడుకుంటే ఆ గొడవ ఉండదు.

మూడో పని: ఎక్కడ మొదలుపెట్టాలి

ఫొటోల దగ్గర మాత్రం వద్దు. ఆల్బం తెరిస్తే ఆ పూట అయిపోయినట్టే. స్టోర్ రూం, బాత్‌రూం, సజ్జ, వీటితో మొదలుపెట్టండి. పగిలిన బకెట్లు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, 2009 నాటి క్యాలెండర్లు. వీటి మీద ఎవరికీ మమకారం ఉండదు, పని మీద చేయి తిరుగుతుంది.

రోజుకి రెండు గంటలు, అదీ పొద్దున. పెద్దవాళ్లు అలిసిపోయాక అన్నిటికీ 'నీ ఇష్టం' అంటారు, రాత్రి నిద్రపోరు. 'ఇది కావాలా వద్దా' అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. రెండు గరిటెలు చూపించి 'వీటిలో నీకు ఏది చేతికి బాగుంటుంది' అని అడగండి, టక్కున చెబుతారు. వాళ్లు గుడికో ఆసుపత్రికో వెళ్లిన టైములో గబగబా సర్దేయడం అందరికీ వచ్చే ఆలోచనే. చేయకండి. ఆ ఒక్కసారి తర్వాత, ఆరు నెలల పాటు దొరకని ప్రతి వస్తువుకీ మీరే దొంగ.

పారేసేవి కళ్లెదురుగా కుప్ప పోయొద్దు. గోనెసంచిలో వేసి మూతి కట్టి, అదే రోజు సాయంత్రం ఇల్లు దాటించండి.

నాలుగో పని: అడగడం, చీటీ రాయడం

ఇక్కడ తొందర పడితే మళ్లీ దొరకదు. మొత్తం ఆరు వారాల్లో మూడు దీనికే ఇవ్వండి.

పెద్దవాళ్లు పాతవి తవ్వుకోవడాన్ని చాదస్తం అనుకునే రోజుల్లో, 1963లో, అమెరికాలో రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు అది జీవితాన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునే సహజమైన పని అని రాశాడు. తర్వాత జ్ఞాపకాల మీద జరిగిన పరిశోధనల్లో ఇంకో విషయం తేలింది: నడివయసు దాటినవాళ్లకి ఎక్కువగా గుర్తుండేవి దాదాపు 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసులో జరిగినవి. అంటే అమ్మకి 1960లు, 70లు నిన్నటిలా ఉంటాయి. అడిగే ప్రశ్నలు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

'ఇది ఎప్పటిదమ్మా?' అంటే 'ఏమో, పాతది' అంటుంది. 'ఇది ఇంటికొచ్చిన రోజు ఎవరెవరు ఉన్నారు?' అని అడిగితే మనుషులు వస్తారు, మనుషుల వెనక మిగతావన్నీ వస్తాయి. ఇత్తడి సోల చేతికిచ్చి ఇలాగే అడిగాను. భువనగిరిలో వాళ్ల అమ్మ ఆ సోలతో బియ్యం కొలిచేదట. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, అని చిన్నపిల్లలా వేళ్ల మీద లెక్క చెప్పింది. 'పండుగకు అల్లుడొస్తే సోలెడు ఎక్కువ పోసేది మా అమ్మ. మీ బాపు అంత తినకపోయేది, ఆ ఎక్కువ పోసింది నేనే తినేదాన్ని.' ఏళ్ల తరబడి ఆ సోల మా ఇంట్లో పప్పు డబ్బాలో ఉంది, ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

ఫోనులో రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టండి, చేతిలో పట్టుకుంటే వాళ్లు రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతారు. విన్నదాన్ని ఆ రాత్రే పోస్టుకార్డు సగం అంత చీటీ మీద రాయండి. నాలుగు ముక్కలు చాలు: ఏమిటి, ఎక్కడిది, ఎవరు వాడారు, ఎవరికి వెళ్లాలి. సోల చీటీ ఇలా రాశాను:

'ఇత్తడి సోల. భువనగిరి అమ్మమ్మది. అమ్మ పెళ్లి తర్వాత మొదటి దసరాకి ఇచ్చింది. అన్నానికి ఇద్దరికి సోలెడు. తమ్ముడి కూతురికి ఇవ్వాలట, అది బాగా తింటుంది కాబట్టి.'

పెన్సిల్‌తో రాసి నూలు దారంతో కట్టండి. రబ్బరు బ్యాండు రెండు ఎండాకాలాలకి కరిగి వస్తువుకి అతుక్కుంటుంది, సెల్లోటేపు అంటిస్తే దాని మరక ఇక పోదు.

పాత పెట్టెల అడుగున హైదరాబాదుకే ప్రత్యేకమైనవి దొరుకుతాయి, ఏమిటో తెలియక పారేయకండి. చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు దొరికితే అవి హాలీ సిక్కా, నిజాం రాజ్యం సొంత డబ్బు. మన రూపాయితో పాటు అవి కూడా కొన్నేళ్లు చెల్లాయి, 1959లో పూర్తిగా ఆగాయి. ఏడు హాలీ రూపాయలకి ఆరు ఇండియా రూపాయలు అని లెక్క. తాతగారి తరం దీన్నే 'హాలీ, కల్దార్' అనేవాళ్లు, కల్దార్ అంటే ఇండియా రూపాయి. పోస్టాఫీసు ముద్రలున్న చిన్న పుస్తకం దొరికితే అది రేడియో లైసెన్సు కావచ్చు, 1980ల మధ్య దాకా ఇంట్లో రేడియో ఉంటే ఏటా రుసుము కట్టాలి. మా పిల్లలకి ఈ మాట చెబితే నవ్వారు, తర్వాత ఆ పుస్తకాన్ని ఎవరు దాచుకోవాలని కొట్టుకున్నారు.

వస్తువు ఉంచుకోలేం, వదులుకోలేం అన్నప్పుడు ఫొటో తీయండి. 2017లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, హాస్టళ్లలో విద్యార్థులకి 'దానం చేసే ముందు ఫొటో తీసుకోండి' అని చెప్పినచోట ఎక్కువ వస్తువులు దానానికి వచ్చాయి. మా ఇంట్లో రోలు అలాగే వెళ్లింది. అమ్మ దాని పక్కన కూర్చుని ఫొటో దిగింది, రోలు చిన్నాన్నవాళ్ల ఊరికి పోయింది.

అన్నిటికీ కథ అడగొద్దు. ట్రంకు పెట్టెలో తెల్ల గుడ్డలో చుట్టిన పసిపిల్లల వెండి మొలతాడు ఒకటి దొరికింది. మా తమ్ముడిదీ నాదీ వేరే ఉన్నాయి. అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చుట్టింది. చీటీ మీద 'అమ్మ పెట్టెలో' అని మాత్రం రాశాను.

అయిదో పని: పాడు కాకుండా దాచడం

జరీ చీరలు ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టండి, మూణ్నెల్లకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది. కలరా ఉండలు చీరకి తగలకూడదు. ఎండిన వేపాకు చిన్న మూటకట్టి పెడితే చాలు. బరువైన జరీ చీర హ్యాంగర్‌కి వేలాడదీస్తే దాని బరువుకే అది సాగుతుంది.

ఇత్తడి గిన్నెల లోపల తెల్లగా కళాయి ఉంటే పీచుతో గట్టిగా తోమొద్దు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు కాచకూడదు, కళాయి పోయించి వాడుకోవచ్చు. బిద్రీ సామాను హైదరాబాద్ ఇళ్లలో ఒకటైనా ఉంటుంది, ఎవరో రిటైర్మెంటుకి ఇచ్చిన కూజా, అగరుబత్తీల డబ్బా. దాన్ని ఇత్తడిలా చింతపండుతోనో పౌడరుతోనో తోమి నాశనం చేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. అది కొంచెం రాగి కలిపిన జింకు. బీదర్ కోట మట్టితో నలుపు తెప్పిస్తారు, ఆ నలుపు మీదే వెండి కనిపిస్తుంది. మెత్తటి గుడ్డకి ఒక చుక్క కొబ్బరినూనె రాసి తుడిస్తే సరి.

ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుంటే లాగకండి, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. 1980లు, 90ల జిగురు పేజీల ఆల్బంలు చాలా చెడ్డవి, ఫొటోని పసుపు రంగుకి తిప్పుతాయి. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్న దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి నెమ్మదిగా రంపంలా ఆడిస్తే ఊడి వస్తాయి. చిన్న ఫొటోలకి 600 డీపీఐలో స్కాన్ అడగండి. వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర రాయండి. 'పెద్దమ్మ' అని రాస్తే మీ పిల్లలకి ఎవరో తెలియదు, పేరు రాయండి.

క్యాసెట్లలో సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో రికార్డు చేసినవి మాత్రం వెతకండి: పెళ్లిలో తాతగారి మాటలు, చిన్నప్పుడు తమ్ముడి పద్యాలు. టేపు మీద తెల్లటి బూజు ఉంటే ప్లేయర్లో పెట్టొద్దు, డిజిటల్ చేసేవాళ్లకి ఇవ్వండి. బాగున్నదాన్ని కూడా ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు వినండి.

బాపు హెచ్‌ఎంటీ వాచీ నాలుగేళ్లు డ్రాయర్లో ఆగిపోయి ఉంది. బ్యాటరీ లేని కీ వాచీ అది. ఆబిడ్స్‌లో ఒక చిన్న కొట్లో శుభ్రం చేయించాక నడిచింది. ఇప్పుడు అమ్మ రోజూ పొద్దున టీ తాగాక కీ ఇస్తుంది. టైము కోసం మాత్రం ఫోనే చూస్తుంది.

ఆరో పని: వెళ్లాల్సినవి ఎక్కడికి

పుస్తకాలు ముందు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్లు కొంటారు కూడా, కానీ మొత్తంగా చూసి ధర చెబుతారు, మీ మనసుకి తగిన ధర రాదు. పాత తెలుగు పుస్తకాలుంటే ముందు గ్రంథాలయాలకి ఫోన్ చేయండి: సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఏం ఉన్నాయో జాబితా చెప్పి, వాళ్లు తీసుకుంటామంటేనే మోయండి. చెదలు పట్టినవి ఎవరికీ ఇవ్వొద్దు.

ఫర్నిచరు, పాత గడియారాలు అమ్మాలంటే జుమ్మెరాత్ బజార్ గురువారం, ఎర్రగడ్డ ఆదివారం. అమ్మడానికి వెళ్లి మళ్లీ ఏదో కొనుక్కొచ్చే రకం అయితే మీరు వెళ్లకండి, మా బావగారిని పంపినట్టు ఎవరినైనా పంపండి. పాత డబ్బా టీవీ తెర అద్దంలో సీసం ఉంటుంది, దాన్ని పగలగొట్టి రాగి తీసుకునేవాళ్లకి ఇవ్వొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. పాత పాదరసం థర్మామీటరు కూడా మామూలు చెత్తలో వేయొద్దు. నూలు చీరలు రెండు మూడు బొంత కుట్టించండి, మిగతావి ఇచ్చేయండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య పంపకం అమ్మ ఉండగా, అమ్మ నోటితో జరగాలి. ఇద్దరూ ఒకే వస్తువు అడిగితే అమ్మ చెప్పిన పేరు చీటీ మీద రాయండి. ధర కట్టి పంచుకోబోతే అది ఆస్తి గొడవ అవుతుంది, మాకు ఒక రాత్రి అయింది కూడా. కారణం చెబితే నవ్వుతారు: ఆవకాయ జాడీ.

ఏడో పని: కాగితాలు

ఇంటి దస్తావేజులు, పాత లింకు డాక్యుమెంట్లు లామినేట్ చేయించకండి, ఒరిజినల్ పాడవుతుంది. ప్లాస్టిక్ ఫోల్డర్లో వదులుగా పెట్టండి, ఆ ఫోల్డరు లారీ ఎక్కకూడదు, మీ చేతి సంచిలో రావాలి. పాత పాస్‌బుక్కులు దొరికితే పారేసే ముందు ఆర్‌బీఐ వారి ఉద్గమ్ పోర్టల్లో పేరు కొట్టి చూడండి, పదేళ్లు కదలని డిపాజిట్ల వివరాలు చాలా బ్యాంకులవి అందులో ఉంటాయి. ఓటరు చిరునామా మార్పుకి ఫారం 8. ఆధార్, గ్యాస్, పెన్షన్ బ్యాంకు, ఈ మూడింటి చిరునామాలు ఇల్లు మారిన నెలలోపే మార్చండి. పెన్షనర్లు బతికున్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం, జీవన్ ప్రమాణ్, ఇంటి నుంచే ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చు.

బియ్యం డబ్బాలో, చీర మడతల్లో పాత నోట్లు దొరుకుతాయి, ఖాయం. 2016లో రద్దైన 500, 1000 నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం. మాకు మూడు దొరికాయి. అమ్మ వాటిని చూసి, 'అప్పుడే యాదికొస్తే అయిపోవు' అని నొచ్చుకుంది.

ఎనిమిదో పని: దర్వాజా గీతలు, ఆఖరి రోజు

గోడకి కొట్టినవి, తలుపుల మీద ఉన్నవి ఎవరి జాబితాలోనూ రావు. మా హాలు దర్వాజా కమ్మీ మీద తమ్ముడివి, తర్వాత మా పిల్లలవి ఎత్తు గీతలున్నాయి, పక్కన తేదీలు. కమ్మీ ఊడదీయలేం కదా. పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ పేపరు నిలువుగా అంటించి, ప్రతి గీతనీ దాని మీదికి ఎక్కించి, నేల నుంచి ఎత్తు సెంటీమీటర్లలో రాసి, చుట్టి తెచ్చాం.

ఆ గీతల్లో ఒకటి అమ్మది. 1996లో పిల్లలందరూ పట్టుబడితే నవ్వుతూ నిలబడింది. ఆఖరి వారం మళ్లీ నిలబెట్టాను. తల మీద స్కేలు పెట్టి చూస్తే పాత గీత అయిదు సెంటీమీటర్లు పైన ఉంది. 'నువ్వు స్కేలు సక్కగ పెట్టలే' అంది. మళ్లీ పెట్టాను, అంతే వచ్చింది. వయసుతో వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు పలచబడి అందరూ కొంచెం పొట్టి అవుతారు. కానీ యవ్వనంలోని ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లకి మించి తగ్గితే ఎముకలు గుల్లబారాయేమో, వెన్నుపూస ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో డాక్టరుకి చూపించాలి. చూపించాం. ఎముకల సాంద్రత పరీక్షలో బోలు ఎముకల వ్యాధి అని తేలింది, మందులు మొదలుపెట్టారు. మీ ఇంట్లో అలాంటి గీత ఉంటే ఖాళీ చేసే ముందు ఒకసారి పెద్దవాళ్లని అక్కడ నిలబెట్టండి.

ముహూర్తం సంగతి: ఆషాఢంలో మారకూడదని అమ్మ అంది, వానలు కాబట్టి నాకూ అదే నయమనిపించింది. డీసీఎం వ్యాను మాట్లాడేటప్పుడు మీ దారిలో పగటిపూట లారీలకి ఆంక్షలున్నాయా, కొత్త అపార్ట్‌మెంటులో సామాను ఎక్కించే టైములేమిటి అని ముందే అడగండి. మొదటి రోజు జాబితాలోని వస్తువులన్నీ ఒకటి రెండు పెట్టెల్లో విడిగా కట్టి, వ్యానులో ఎక్కించకుండా మీ కారులో తీసుకెళ్లండి. ప్యాకర్స్ వాళ్లు 'అన్నీ పేర్లు రాస్తాం మేడం' అంటారు. మాకు వచ్చిన పెట్టెల్లో సగం మీద 'కిచెన్ ఐటమ్స్' అని ఉంది. ఒకదాంట్లో దేవుడి పటాలు.

ఖాళీ ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టొద్దు. కానీ తాళం మాత్రం వాళ్ల చేతే వేయించండి.

తొమ్మిదో పని: మొదటి రాత్రి

పాలు పొంగించడం అయ్యాక వెంటనే మంచం వేయండి. పాతింట్లో ఏ వైపు నుంచి దిగేవాళ్లో ఆ వైపే ఖాళీగా ఉండాలి. కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. రాత్రి బాత్‌రూంకి వెళ్లే దారంతా చిన్న లైటు వెలగాలి, కొత్తింట్లో చేయి పాత స్విచ్చు కోసమే వెతుకుతుంది, అక్కడ గోడ ఉంటుంది. కమోడ్ పక్కన, స్నానం దగ్గర పట్టుకునే కడ్డీలు మారడానికి ముందే బిగించండి. టైల్స్ మీద దర్రీలు, పట్టాలు తీసేయండి. ఎంత అందంగా ఉన్నా సరే.

వంటింట్లో పాతింటి ఫొటోలు చూస్తూ అరలు సర్దండి. ఎడమ చేతి వైపు ఉన్నది ఎడమ చేతి వైపే. మీ పద్ధతి ఇంకా బాగుంటుందని నాకు తెలుసు. మీ వంటింట్లో పెట్టుకోండి.

మిగిలిన పెట్టె

ఏ గదిలోనూ పట్టని సామాను ఒక పెట్టెడు మిగులుతుంది. దానికి టేపు వేసి మీద తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత పెద్దవాళ్ల ముందే తెరవండి. అందులోంచి వాళ్లు అడిగి తీయించుకున్నవి ఇంట్లోకి వస్తాయి, మిగతావి ఇంకో ఆరు నెలలు ఉంటాయి, తర్వాత వెళ్లిపోతాయి. మా పెట్టెలోంచి అమ్మ సోల తీయించుకుంది. రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు పక్కన పడేసి దానితోనే బియ్యం కొలుస్తోంది. చీటీ దారం తడవకుండా విప్పి నాకిచ్చింది, దాచమని.

ఆ రాత్రే నా బీరువా తెరిచి నా సామానుకి చీటీలు రాయడం మొదలుపెట్టాను. నాకు 51. దగ్గరి చూపు అద్దాలు లేకుండా నేను రాసిందే నాకు కనబడట్లేదు. ఇప్పటికి మూడు రాశాను. మూడోది అమ్మకి చేయించిన పీటకి, అది ఎందుకు ఎడమకి ఒరగదో అందులో రాశాను.